గొంతు నొప్పి, నాలుక మీద బొడిపెలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. రోజూ అరిచి పాఠం చెప్పేవాణ్ణి గనుక గొంతు బాధ మాత్రం బాగా తెలుసు.

ముందు నాలుక సంగతి. అద్దం ముందు నాలుక బాగా చాపి చూస్తే, మొదట్లో ఎనిమిది నుంచి పన్నెండు దాకా గుండ్రని బొడిపెలు వరుసగా కనిపిస్తాయి. అవి అందరికీ ఉండేవే. జ్వరం వచ్చినప్పుడు టార్చిలైటు వేసి చూసుకుని కేన్సరని భయపడేవాళ్ళున్నారు. చెప్పొద్దూ, నేనూ ఒకణ్ణి. వేడి టీ వల్లా, పన్ను కొరుకుడు వల్లా నాలుక కొనమీద లేచే పొక్కులు నాలుగైదు రోజుల్లో పోతాయి. వాటిని బ్లేడుతో గీకడం, సున్నం రాయడం చేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే. కాని జర్దా, గుట్కా, ఖైనీ అలవాటున్నవారు జాగ్రత్త. పుండు గాని, గట్టి గడ్డ గాని, తెల్లని, ఎర్రని మచ్చ గాని మూడు వారాలైనా మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, ఆసుపత్రిలో చూపించుకోవాలి.

ఇక గొంతు. చాలావరకు జలుబు వైరస్ వల్లనే నొప్పి వస్తుంది. ముక్కు కారుతుంది, దగ్గు వస్తుంది, వారంలో తగ్గుతుంది. దానికి యాంటీబయాటిక్ బిళ్ళలు పనిచేయవు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. జావ తాగండి, గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. తేనె కూడా మంచిదే. అయితే పురిటి బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఏడాది నిండని బిడ్డకు అది వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది.

ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, గొంతులో బూడిదరంగు పొర కట్టినా ఇంటి వైద్యం మాటే వద్దు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకొక రకం ఉంది. దానికోసమే ఈరోజు మాట్లాడుతున్నాను. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు గొంతు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ఒళ్ళు కాలుతోంది, దగ్గు లేదు, మెడ కింద బిళ్ళలు కట్టాయి. "ఉప్పునీళ్ళు పుక్కిలించు, పోతుంది" అన్నాను. నోరు తెరిపించి చూడనైనా లేదు. ఇంట్లోవాళ్ళు రెండు రోజులు బిళ్ళలు వేశారు, జ్వరం దిగింది, మానేశారు. మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గి చీలమండ వాచింది. పెరిగే వయసు నొప్పులన్నారు. ఆటలో ఆయాసపడి కూలబడితే అప్పుడు తెలిసింది, గుండె కవాటం దెబ్బతిన్నదని.

"గొంతుకూ గుండెకూ ఏం సంబంధం మాస్టర్ సాబ్?" అని వాళ్ళమ్మ అడిగింది. ఆ రోజు జవాబు లేదు నా దగ్గర. తర్వాత తెలుసుకున్నాను. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాతో పోరాడే శక్తే పొరపాటున కీళ్ళ మీదా, గుండె మీదా పడుతుంది. దాన్నే కీళ్ళవాతపు జ్వరం అంటారు. అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలకే ఎక్కువ. డాక్టరు పెన్సిలిన్ గాని, అమాక్సిసిలిన్ గాని పది రోజులకు రాస్తే, రెండో రోజుకే నొప్పి పోయినా పది రోజులూ వేయాలి.

ఆ అబ్బాయికి ఇప్పుడు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది. ఆ రోజు పర్మిషన్ చీటీ తెచ్చి నా బల్ల దగ్గర నిలబడతాడు. నేను చదవకుండానే సంతకం పెడతాను.