దిక్కులేని జీవములు

ఆవు ఈనినదని తెలియగానే ఇరుగుపొరుగువారు అడుగు మొదటి మాట ఒక్కటే: "పెయ్యా, కోడెయా?" పెయ్య అన్నచో ఇంట సంతోషము. కోడె అన్నచో ఇప్పుడు చాల ఇండ్లలో నిట్టూర్పు. ఒకప్పుడు ఇట్లు లేదు. నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డులనున్న రైతునకు కోడెదూడ అనగా రాబోవు ఎద్దు. ఎద్దు లేనిదే దుక్కి లేదు, బండి లేదు, కళ్ళములో నూర్పు లేదు. నేడు ఈ పనులను చాలవరకు ట్రాక్టరు చేయుచున్నది. పాలకొరకు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు వచ్చినవి. వాటికి పుట్టిన కోడెలకు మూపురము సరిగా ఉండదు. మన ఎండకు నాటు ఎద్దులవలె ఓర్వలేవు. కావున అవి పాలు త్రాగును గాని పనికి రావని రైతు లెక్క. ఆ లెక్కలో తప్పు లేకపోవచ్చును. కాని ఆ లెక్కవలన లేగ రోడ్డుమీదికి వచ్చుచున్నది.

మేము కొందరము కలిసి ఇట్టి జీవములను చేరదీయు పని చేయుచున్నాము. మాలో బడిపంతుళ్ళున్నారు, అంగడి నడుపువారున్నారు, చదువుకొను పిల్లలున్నారు. జీతము ఎవరికిని లేదు. ఒక పాక, ఒక నుయ్యి, ఒక గడ్డివామి, ఇదియే మా ఆస్తి. ఈ పనిలో మాకు తెలిసిన నాలుగు సంగతులు శ్రోతలకు విన్నవించుటయే నేటి ఉద్దేశము.

ఇది క్రొత్తగా పుట్టిన ధర్మము కాదు. గంజాము జిల్లాలో ఋషికుల్యా తీరమున జౌగడ యను చోట అశోకుని శాసనములు కలవు. 1936వ సంవత్సరము వరకు మన టెక్కలి, ఇచ్ఛాపురము ప్రాంతములు ఆ జిల్లాలోనివే. మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచుట, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించుట, బాటలవెంట నూతులు త్రవ్వించుట అందు చెప్పబడినవి. కళింగమును జయించి పశ్చాత్తాపపడిన రాజు ఆ మాటలను కళింగదేశపు రాతిమీదనే చెక్కించెను. రెండువేల రెండువందల యేండ్లు దాటినవి. ఇక మన కాలమున, రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుపట్టగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడగా ఆమెయే మొదటి అధ్యక్షురాలు. పశువును ఆకలిదప్పులకు విడిచి వెళ్ళగొట్టుట ఆ చట్టము ప్రకారము నేరము.

మన ప్రాంతమునకు దగ్గరలో 1996లో విశాఖపట్టణమున విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ అను సంఘము వెలసినది. వీధికుక్కలు, తాబేళ్ళు, పశువులు, అన్నిటి సంరక్షణయు వారి పని. సింహాచలము అప్పన్నకు కోడెదూడలను మ్రొక్కుగా సమర్పించు ఆచారము ఉత్తరాంధ్ర రైతుకుటుంబములలో తరతరములనుండి కలదు. ఆ దూడల ఆలనాపాలనా కూడ ఆ సంఘము పట్టించుకొనిన పనులలో ఒకటి. మ్రొక్కు భక్తితో చేసినదే. దానిని మేము తప్పుపట్టము. కాని పాలు మరువని లేగను తల్లినుండి వేరుచేసి ఎంత పుణ్యస్థలమునకు తోలుకొనిపోయినను, అక్కడ దానికి కావలసినది పాలే. దూడ గడ్డి మేయు వయస్సు వచ్చినపిమ్మట మ్రొక్కు తీర్చుకొన్నచో దేవుని సొమ్ము దేవునికి బ్రతికి చేరును.

పాల సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. పుట్టిన కొలది గంటలలో దూడ ముర్రుపాలు త్రాగవలెను. తల్లియొక్క రోగనిరోధకశక్తి దూడకు అందు మార్గము అదియే. ఒక దినము గడచినపిమ్మట త్రాగినను ఆ శక్తి ప్రేగులగుండా నెత్తురులోనికి చేరదు. మాయొద్దకు వచ్చు లేగలలో అవి త్రాగనివి చాల. చూచుటకు చక్కగానే ఉండును. మూడవనాడో నాలుగవనాడో పారుడు పట్టి పడిపోవును. బొడ్డునకు అయొడిన్ వ్రాయవలెను. గోనెపట్టా పరచి చలి తగులకుండ చూడవలెను. దూడ తూకములో పదియవ వంతు పాలు దినమునకు కావలెను. వాటిని గోరువెచ్చగా, పూటపూటకు పంచి పట్టవలెను. జాలిపడి ఒక్కసారిగా కడుపునిండ పట్టినవాడు మేలు చేయబోయి కీడు చేసినవాడగును.

ఇప్పుడు లెక్క చూడుడు. ఇరువది కిలోల దూడకు దినమునకు రెండు లీటర్ల పాలు. పది దూడలకు ఇరువది లీటర్లు. ఇది ఒకనాటితో తీరదు. రెండు మూడు నెలలు సాగవలెను. ఆపైన తవుడు, ఎండుగడ్డి, మందులు. ఎద్దు బ్రతుకు పదునైదు ఇరువది ఏండ్లు. ఒక లేగను పాకలోనికి తోలుకొని వచ్చునాడు ఊరివారందరు మెచ్చుకొందురు. వానలో తెల్లవారుజామున లేచి పేడ ఎత్తువాడిని చూచువాడుండడు. ఈ పని నిలుచుట ఆ రెండవవానిమీదనే.

అందుచేత మాకు ఎదురగు కష్టములలో పెద్దది పదునొకండవ దూడ. పదింటికి చాలు పాలే ఉన్నప్పుడు సందెవేళ ఎవరో ఒకరు మరొకదానిని తెచ్చి గుంజకు కట్టుదురు. "మీరు కాదన్నచో దీనికి దిక్కెవరు?" అందురు. ఆ మాటకు జవాబు చెప్పుట సులభము కాదు. పుచ్చుకొన్నచో పదింటికిని పాలు తగ్గును. ఇరుకులో ఒకదాని రోగము అన్నిటికి అంటును. చావునకు మా పాకయే నెలవగును. పంపివేసినచో దాని కన్నులు మాకు నిద్ర పట్టనీయవు. ఇట్టి సందర్భములందు మేము ఆ పూటకు పాలు పట్టి, దూడను తెచ్చినవారితో కూడ వారి ఇంటికి పోదుము. తల్లి పాలిచ్చుచున్నచో, రెండు చన్నులు మీరు పిదుకుకొని రెండు దూడకు విడువుడని అడుగుదుము. ఇది మన పెద్దల ఆచారమే. మూడునెలలు ఆగుడు, గడ్డి మేయు దూడను పెంచుకొనువారిని వెదకి పెట్టుదుమని మాట ఇత్తుము. అందరు ఒప్పుకొనరు. ఒప్పుకొనిన ఇంట దూడ తల్లిదగ్గరనే బ్రతుకును. మా పాకలో ఎంత శ్రద్ధగా చూచినను అంత బాగుగా పెరుగదు.

కుక్కల విషయమునను ఇదియే మార్గము. కుక్క రెండునెలల చూలు మోసి ఒక ఈతకు నాలుగైదు పిల్లలను పెట్టును. వాటిని తెచ్చి చోడి అంబలి పోసి పెంచుచు పోయినచో ఎన్ని పాకలున్నను చాలవు. శస్త్రచికిత్స చేయించి, పిచ్చికుక్కరోగము రాకుండ టీకా వేయించి, మరల దాని వీధిలోనే విడుచుట 2001లో వచ్చిన నిబంధనల మార్గము. 2023లో వచ్చిన క్రొత్త నిబంధనలును ఆ మార్గమునే నిలిపినవి. బడులు, ఆసుపత్రులు మొదలగు చోటుల విషయమున 2025లో సుప్రీంకోర్టు వేరుగా ఆజ్ఞలిచ్చినది. కరచినప్పుడు మాత్రము, కుక్క ఎట్టిదైనను, గాయమును సబ్బుతో పారునీటిలో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసరుమందులు, పసుపు పూతలు ప్రాణము నిలుపవు.

గోడలు లేని ఆశ్రయమెట్లుండునో చూడదలచినవారు టెక్కలి చెంతనున్న తేలినీలాపురము పోవలెను. ఏటేట గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊరి చింతచెట్లమీద గూళ్ళు కట్టును. ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచికి ముక్కు నడుమ సందుగల కొంగలు వచ్చును. పెరడు పాడగును, కంపు కొట్టును, రెట్టలు నెత్తిమీద పడును. అయినను ఊరివారు ఆ చెట్లు కొట్టరు, ఆ పక్షులను కొట్టనీయరు. అవి వచ్చిన ఏడు పంట పండునని వారి నమ్మకము. అక్కడ ఏ ఒక్కరును పక్షులను పోషించుటలేదు. ఊరంతయు కొంచెము కొంచెము ఓర్చుకొనుచున్నది. పదిమంది మోయలేని బరువును ఊరు మోయగలదని మేము నమ్ముటకు ఆ రెండు గ్రామములే ఆధారము.

కావున శ్రోతలను మేము చందాలు అడుగుటలేదు. ఆవు ఈనిన ఇంట "పెయ్యా, కోడెయా" అని అడుగుటకు ముందు, "ముర్రుపాలు త్రాగినదా" అని అడుగుడు. మిగిలిన అన్నమును ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పారవేయకుడు; ఆవు ఆ సంచిని విప్పలేదు, సంచితో కూడ మ్రింగును; అది కడుపులో చేరి మేతకు చోటు లేకుండ చేయును. వేసవిలో వాకిట ఒక తొట్టి నీరు పెట్టుడు. జబ్బుపడిన పశువును విడిచిపెట్టుటకు ముందు పశువైద్యునకు చూపుడు. మన గరివిడిలోనే పశువైద్య కళాశాల యున్నది.

చివరిమాట తుపానులను గూర్చి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరమును తాకినవి. తిత్లీ దెబ్బకు ఉద్దానములో కొబ్బరితోటలు, జీడితోటలు కూలిన సంగతి అందరికి జ్ఞాపకమే. పశువులును చాల చచ్చినవి. పాక కూలునప్పుడు కట్టివేసిన పశువునకు తప్పించుకొను దారి లేదు; నీరు వచ్చినను అంతే. హెచ్చరిక వినగానే మనము పిల్లలను, పెట్టెలను తీసికొని పక్కా ఇంటికి పోవుదుము. వీలున్నచో పశువులను కూడ మెరకకు తోలుకొనిపొండు. వీలులేనిచో, గడప దాటుటకు ముందు శాలలోనికి పోయి, ముసలి ఎద్దుదైనను, కోడెదూడదైనను, ప్రతి పలుపును విప్పి పొండు.