రాయడానికి తెరిచిన కట్ట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో కాగితాలు భద్రపరచడం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా చేరి, దస్త్రాల మధ్యనే సర్వీసంతా గడిపి రిటైరయినవాణ్ణి. మా మనవడు విశాఖపట్నంలో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్నాడు. మన సభ్యుల కాగితాలను స్కాన్ చేసి, ఒక్క కట్టగా కట్టే చిన్న ప్రోగ్రామును సి భాషలో రాసిపెట్టాడు. వాడి పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నదే మీ ముందు ఉంచుతున్నాను.

చాలా ఫైళ్లను కలిపి ఒకే ఫైలుగా చేస్తే దాన్ని ఆర్కైవ్ అంటారు. మన భాషలో కట్ట. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లోని కొన్ని ప్రాంతాలతో విజయనగరం జిల్లా ఏర్పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది అమెరికాలో బెల్ లేబొరేటరీస్ వారి యునిక్స్ ఏడో కూర్పులో ‘టార్’ అనే కట్ట పద్ధతి వచ్చింది. టేపు మీద దస్త్రాలు దాచడానికి పుట్టింది కాబట్టి ఆ పేరు. పదేళ్ల తరువాత, 1989లో, ఫిల్ కాట్జ్ అనే ఆయన ‘జిప్’ పద్ధతి తెచ్చారు. ఈనాడు మన పిల్లలు ఫోనులో పంపే జిప్ ఫైలు అదే.

ఈ కట్టలు కట్టే పనిని ప్రతి ప్రోగ్రామరూ మొదటినుంచీ రాసుకోనక్కరలేదు. తయారుగా ఉన్న సరంజామాను లైబ్రరీ అంటారు. ఆఫీసుల్లో అచ్చు ఫారాలు ఉన్నట్టే అనుకోండి. సి భాషకు ‘లిబ్‌ఆర్కైవ్’, ‘లిబ్‌జిప్’ అనేవి ప్రసిద్ధమైనవి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇక అసలు విషయం. రికార్డు రూములో కట్టను చూడటానికి విప్పడం వేరు, అందులో కాగితం చేర్చడానికి విప్పడం వేరు. చూసి కట్టేస్తే కట్టకు నష్టం లేదు. చేర్చాలంటే బాధ్యత ఉంది. కంప్యూటరులోనూ అంతే. చదవడానికి తెరిస్తే ఏమీ పోదు. రాయడానికి తెరిచేటప్పుడు ‘పాతది ఉంచాలా, తుడిచెయ్యాలా?’ అన్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పాలి.

సి భాషలో మామూలు ఫైలును ‘డబ్ల్యూ’ అన్న అక్షరంతో తెరిస్తే, ఆ పేరుతో ఉన్న పాత ఫైలు తెరిచిన క్షణంలోనే ఖాళీ అయిపోతుంది. ఒక్క అక్షరమైనా రాయకముందే. ‘ఏ’ అన్న అక్షరంతో తెరిస్తే పాతది ఉండి, కొత్తది చివర చేరుతుంది. లిబ్‌ఆర్కైవ్‌లో పేరు ఇచ్చి రాయడానికి తెరిచినా పాత కట్ట పోతుంది. అందులో పాత కట్టను ఉన్నచోటనే సవరించే వీలు లేదు. పాతదాన్ని చదువుతూ పక్కన కొత్త కట్ట కట్టుకోవాలి.

లిబ్‌జిప్ వేరు. అది ఉన్న కట్టలో చేర్చనిస్తుంది. లేకపోతే కొత్తది సృష్టించమని ఒక గుర్తు, ఉంటే ముట్టుకోకుండా ఆగిపొమ్మని ఒక గుర్తు, ఉన్నదంతా పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టమని మరో గుర్తు ఇవ్వాలి. మా వాడు రెండవది కూడా పెట్టాడు. కొత్త సభ్యుడి పేరుతో పాత సభ్యుడి కట్ట ఇదివరకే ఉంటే, ప్రోగ్రాము రాయకుండా ఆగి మనల్ని అడుగుతుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు.

మరొక సంగతి. లిబ్‌జిప్‌లో ‘ఈ కాగితం చేర్చు’ అంటే వెంటనే చేరదు. ముడి వేసేటప్పుడు, అంటే కట్టను మూసేటప్పుడే అసలు రాత జరుగుతుంది. ఈలోగా స్కాన్ ఫైలును తీసేస్తే చేర్చడానికి ఏమీ ఉండదు. మూయడం విఫలమైతే మాత్రం పాత కట్ట చెక్కుచెదరదు. అందుచేత మూసిన తరువాత సఫలమైందో లేదో చూడాలి. అది చూడని ప్రోగ్రామును నమ్మకూడదు.

జిప్ కట్టకు విషయసూచిక చివర ఉంటుంది. మన దస్త్రాల్లో ముందు పేజీలో ఉండేది, ఇక్కడ ఆఖరున. మూయకుండా మధ్యలో ఆగితే సూచిక రాయబడదు. కాగితాలు లోపలే ఉన్నా చాలా ప్రోగ్రాములు తెరవలేమంటాయి. మన మిత్రుడొకరు కాలం చేశాక వారి ఇంట్లో ఇదే జరిగింది. పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు నకలు, జాయింటు ఫొటో అన్నీ పెన్‌డ్రైవులో ఒక్క జిప్‌లో ఉన్నాయన్నారు. రాత పూర్తికాకముందే పెన్‌డ్రైవు లాగేసినట్టుంది, అది తెరుచుకోలేదు. ట్రంకు పెట్టెలో అసలు కాగితాలు ఉండబట్టి ఆ అమ్మగారి ఫ్యామిలీ పెన్షను ఆగలేదు.

పేర్ల విషయం కూడా చెప్పాలి. పాత టార్ పద్ధతిలో ఫైలు పేరుకు 100 బైట్లే స్థలం. ఈనాటి యూనికోడ్ రాతలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకు మూడేసి కావాలి. గుణింతాలు, ఒత్తులు, సున్నలు విడివిడిగా లెక్క. ‘విజయనగరం’ అని రాస్తే 24 బైట్లు, ‘శ్రీకాకుళం’ అంటే 30. ఊరు, ఇంటిపేరు, పేరు అన్నీ తెలుగులో రాస్తే ఆ స్థలం సరిపోదు. 2001లో వచ్చిన ‘పాక్స్’ పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు. కట్టను తెరిచేముందే పద్ధతి ఎంచుకోవాలి, మధ్యలో మార్చడానికి వీలుపడదు.

ఆఫీసులో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి తీసివేయవలసినది. ఏది ఎంతకాలం ఉండాలో గుమాస్తా మొదటే నిర్ణయించి రాసేవాడు. కంప్యూటరుకు ఆ వివేకం లేదు, మనం చెప్పినట్టే చేస్తుంది.

కనుక నా మనవి మూడు మాటలు. కట్టను రాయడానికి తెరిచేముందు దానికి నకలు తీయండి. మూసిన తరువాత మరో కంప్యూటరులో తెరిచి, ప్రతి కాగితం చదవగలుగుతున్నామో చూడండి. అది చూసేవరకు పాత కట్టను గానీ, స్కాన్లను గానీ తీయవద్దు. అసలు కాగితాలు మాత్రం ఎన్నటికీ పారవేయవద్దు. ఇంట్లో భార్యకో, భర్తకో, పిల్లలకో అవి ఎక్కడ ఉన్నాయో చెప్పి ఉంచండి.

వచ్చే నెల నుంచి రెండవ శనివారం సంఘ కార్యాలయంలో స్కానింగు జరుగుతుంది. పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తెచ్చుకోండి. పని అయ్యాక కట్ట తెరిపించి మీ కళ్లతో చూసుకుని మరీ ఇంటికి వెళ్లండి. ఎవరూ మొహమాటపడనక్కరలేదు.