మాడు ఎక్కడ?

(హొసూరు ప్రాంతపు తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లకు పైగా ఈ సీమలో తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి. ఈనాడు ఒక తాతగా, ఒక తప్పు చేసిన పెద్దమనిషిగా మీ ముందు నిలబడ్డాను.

మా మనుమరాలికి రెండున్నరేళ్లప్పుడు ఒక నర్సరీ బడికి తీసుకువెళ్లాము. చేర్చుకొనే ముందు అక్కడ ప్రతి బిడ్డ ఎదుగుదలనూ పరీక్షిస్తారు. మంచి పద్ధతే. టీచరమ్మ బొమ్మల అట్ట ముందుంచి, తమిళంలో “మాడు ఎంగే?” అని అడిగింది. తమిళంలో మాడు అంటే ఆవు. మా పాప వెంటనే తన నడినెత్తిని తాకి చూపింది. రోజూ వాళ్ల అవ్వ నూనె అద్దేది ఆ మాడుకే కదా! కాగితం మీద మాత్రం “చెప్పింది గ్రహించదు, ప్రత్యేక అవసరాలు ఉండవచ్చు” అని రాశారు. టీచరమ్మను తప్పుపట్టను. ఆమెకు తెలుగు రాదు. ఆమె చేతిలోని ప్రశ్నల పట్టీలోనూ తెలుగు లేదు. మా కోడలు తెలుగులో అడిగితే ఆవునూ, కాకినీ, బంతినీ తడబడకుండా చూపింది.

ఇది ఒక వైపు. రెండో వైపు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మా వీధిలో ఒక బాబు రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపలేదు. తల్లి వచ్చి నన్నడిగింది. “ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండు భాషల బిడ్డ కదమ్మా, నిదానంగా వస్తుందిలే” అన్నాను. ఏడాదికి పైగా గడిచాక వినికిడి పరీక్ష చేయించారు. రెండు చెవులూ సరిగా వినబడవని తేలింది. అన్నాళ్లూ ఆ బిడ్డకు తెలుగూ అందలేదు, తమిళమూ అందలేదు. అది నా మాట వల్ల పోయిన ఏడాది.

మొదటి తప్పులో బిడ్డ భాషను లెక్కలోకి తీసుకోలేదు. రెండో తప్పులో ఆ భాషనే సాకు చేసుకున్నాము.

రెండు భాషలు వినడం వల్ల మాటలోపం రాదు. నిజంగా లోపముంటే అది రెండింటిలోనూ కనబడుతుంది. కనుక “ఇంట్లో తెలుగు మానండి” అని ఎవరు చెప్పినా వినకండి. బిడ్డ పలికే మాటలను లెక్కించేటప్పుడు రెండు భాషలనూ కలిపి చూడాలి. అయితే రెండేళ్లు నిండినా “అమ్మా రా”, “పాలు కావాల” వంటి జంట మాటలు రాకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్క నెల కూడా ఆగవద్దు. వినికిడి పరీక్షకు ఏ భాషా అక్కరలేదు. పసికందుకైనా చేయవచ్చు.

ఇది మనం అడుక్కొనే దయ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్, పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించి, లోపం రాగల బిడ్డలను గుర్తించాలంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఇక రాజ్యాంగంలో 1956లో చేరిన 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు వసతులు కల్పించాలంటుంది. చదువు చెప్పడానికి అమ్మనుడి కావలసినప్పుడు, బిడ్డ తెలివిని తూచే తక్కెడకు అది అక్కరలేదా?

మనం కోరేది కొద్దే. పరీక్ష కాగితంలో మొదటి ప్రశ్న “ఇంట్లో ఏ భాష?” అని ఉండాలి. తెలుగు తెలిసిన కార్యకర్త గానీ, లేదంటే తల్లి గానీ పక్కనుండి అదే ప్రశ్నను తెలుగులో అడగనివ్వాలి. ఒక్కపూట పరీక్షతో బిడ్డకు పేరు పెట్టకూడదు. తల్లులారా, వెళ్లే ముందు వారం రోజులు మీ బిడ్డ పలికిన ప్రతి మాటనూ, ఏ భాషదైనా సరే, రాసిపెట్టుకోండి. ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.

ఆ బాబు ఇప్పుడు చెవికి యంత్రం పెట్టుకున్నాడు. మొన్న వీధిలో నన్ను చూసి “తాతా” అన్నాడు. ఆ పిలుపు నేను ఏడాది ముందే వినవలసింది.

సెలవు.