ముద్రలు చెప్పు సాక్ష్యము



మన రాయచూరు కోటగోడలో దాదాపు 41 అడుగుల పొడవుగల శిల యొకటి కలదు. 1294వ సంవత్సరపు ఆ శిలాశాసనము తెలుగున చెక్కబడినది. అంతటి రాతిని బండిపై నుంచి దున్నపోతులచే లాగించిన దృశ్యమును సైతము అచ్చట మలచిరి. అక్షరమును చిత్రమును ఒకే మాట చెప్పుచున్నవి. పాత వస్తువులను పరీక్షించు విద్యకు మూలసూత్ర మిదియే: ఒంటి గుర్తును నమ్మరాదు; గుర్తులన్నియు కలిసి ఒకే కథ చెప్పవలెను.

ఈ సూత్రమును పాత సైనిక తుపాకులయందు చూపెదను. 1853 నుండి 1860 వరకు ఆంగ్లేయుల చేతిలోను, తరువాత 1948 వరకు నైజాము ఏలుబడిలోను ఉన్న ఈ సీమలో అట్టిది ఏ యింటి అటకపైనైన కనబడినచో వింత గాదు.

1866లో ఆంగ్లసైన్యము స్నైడరు పద్ధతిని స్వీకరించెను. మూతినుండి మందు కూరెడి 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకుల గొట్టమును వెనుకవైపున రెండున్నర అంగుళములు కోసి, ప్రక్కకు తెరచుకొను తలుపుగల భాగమును బిగించిరి. కావున పక్కపలకమీద 1860 అని యుండి, తలుపు తరువాతి కాలపుదైనను దోషము గాదు. అది మార్పునకు సాక్ష్యమే. మార్పిడి తుపాకి యని చెప్పుచు 1875 అను పలక చూపినచో సందేహింపవలెను.

1857 తిరుగుబాటు తరువాత సిపాయిల తుపాకుల గొట్టములలోని మెలిక చాళ్లను తొలిచివేసి నునుపు చేయించిరి. నమ్మకము లేనివారి చేతి కిచ్చిన ఆయుధమునకు గురి తగ్గించుటయే దాని భావము. అట్టి నునుపు గొట్టము నకిలీ గాదు, చరిత్ర.

రౌతుల కార్బైను కురుచది. పెద్ద తుపాకిని కోసి కార్బైనుగ అమ్మువారు కలరు. గొట్టము మూతివైపునకు సన్నబడును గనుక, కోసిన గొట్టపు మూతి లావుగ నుండును. ముందరి గురి క్రొత్తగ అతికినట్లున్నను, కొయ్యలో రంధ్రములు పూడ్చినట్లున్నను ఆగి చూడుడు.

ఇక ముద్రలు. కిరీటమును బాణపుగుర్తును ప్రభుత్వపువి. మొనలు తాకునట్లు రెండు బాణములున్నచో సైన్యము దానిని అమ్మివేసినదని అర్థము. కైబరు కనుమ ప్రాంతపు పనివారి నకళ్లలో ఎన్‌ఫీల్డు పేరులోని అక్షరమే తిరుగబడి యుండుట కలదు. అక్షరమును చదువక బొమ్మగ చూచి చెక్కినందున కలిగిన తప్పది.

ఒక హెచ్చరిక. పాతదైనంతమాత్రమున చట్టము విడువదు. 1959 ఆయుధముల చట్టమున, మరమ్మతు చేసినను పేలని ప్రాచీనాయుధమునకే మినహాయింపు కలదు. లోపల మందు దట్టించి యుండవచ్చును. పిల్లలను తాకనీయక అధికారులకు తెలుపుడు. ఇసుకకాగితముతో రుద్దకుడు, త్రుప్పుతోపాటు ముద్రయు పోవును.

తల్లిదండ్రులారా! వీథిలో కన్నడమును, ఇంట తెలుగును పలుకు మన బిడ్డలకు ఈ చూపు అవసరము. కోటశిలపై పాత లిపిని చదువ నేర్చిన బాలుడు, ఈ నేలపై తెలుగు ఎన్నాళ్లనుండి యున్నదో ఒకరు చెప్పగ నమ్మనక్కరలేదు; తానే చూచి చెప్పగలడు. అందులకే వారిచే అక్షరమును విడువనీయకుడని మిమ్ము వేడుచు విరమించుచున్నాను.