టమాటా పూత ఎందుకు రాలుతుంది?



మదనపల్లె వైపు వేసవి టమాటా వేసేవారు తరచు అడిగే మాట ఇది: "చెట్టు ఏపుగా ఉంది, పూత విరగబూసింది, పిందె మాత్రం నిలవడంలేదు. ఏ మందు కొట్టమంటారు?"

మందు సంగతి తరువాత. ముందు రాలిన పువ్వును చేతిలోకి తీసుకొని చూడండి. తొడిమ మధ్యనున్న కణుపు దగ్గర పసుపుబారి ఊడి ఉంటుంది. పురుగు కొరికిన గుర్తు లేకపోతే, ఫలదీకరణం జరగని పువ్వును చెట్టే వదిలివేసినదన్నమాట.

టమాటా పువ్వు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. గాలికి కాస్త ఊగితే చాలు. కాని పగటి వేడి దాదాపు 35 డిగ్రీలు దాటినా, రాత్రివేడి 22 డిగ్రీలకు దిగకపోయినా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. మనం ఎండనే తిట్టుకుంటాము గాని, రాత్రి ఉక్క కూడ అంత చేటూ చేస్తుంది.

ఇప్పుడే కొందరు యూరియా వేస్తారు. ధర పలికే రోజుల్లో పిందె లేకపోతే చెయ్యి ఊరుకోదు, నిజమే. అయినా ఆ బస్తా విప్పకండి. ఆకు పెరిగి పూత మరింత రాలుతుంది. చేను ఎండగట్టి, ఆనక ముంచెత్తడమూ మానండి. 4, 5 రోజులకొకసారి చల్లటిపూట పలుచగా తడి ఇవ్వాలి. మొదళ్ళలో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. పడమటి గట్టున ముందే జొన్న వరుసలు వేసుకొన్నవారికి వడగాడ్పు దెబ్బ తక్కువ.

ఇక మందు. హార్మోను పిచికారీ కొంత పిందెను నిలపవచ్చు. మోతాదు మించితే ఆకు ముడుచుకొని కాయ బోలుపడుతుంది. అందుచేత కొట్టేముందు డబ్బా మీది కొలత ఎవరిచేతనైనా చదివించుకోండి. రాలిన పూత ఎలాగూ తిరిగిరాదు. చెట్టు పచ్చగా ఉంటే, తొలకరికి రాత్రులు చల్లబడగానే కొత్త గుత్తులు పిందె పడతాయి.