సరిహద్దు బిడ్డకు తెరమీది తెలుగు పాఠం
(ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొరుగు రాష్ట్రాలలోని తెలుగు పిల్లలు ట్యాబ్ మీదా, కంప్యూటర్ మీదా నేర్చుకొనదగిన పాఠాలను కూర్చే పనిలో నేనున్నాను. ఆ పాఠాలు ఎలా ఉండాలన్నదే ఈనాటి నా విన్నపం.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది. ఏటికొక తరగతి చొప్పున పైకి సాగింది. రాష్ట్రభాష నేర్వవద్దని మనమెవరమూ అనము. అయితే ఇంట తెలుగు మాట్లాడే బిడ్డకు బడిలో తెలుగు పుస్తకం అందని చోట, తెరమీది పాఠమే ఆ బిడ్డ చూచే తొలి తెలుగు పుట కావచ్చు. ఆ పుటలో అక్షరాలు విరిగి కనబడితే, తెలుగే కష్టమని బిడ్డ అనుకొంటుంది. మళ్లీ దాని జోలికి రాదు.

ఆంధ్ర, తెలంగాణ పిల్లలకని చేసిన పాఠాన్ని ఉన్నదున్నట్లు తెచ్చిపెడితే మనకు చాలదు. మన బిడ్డ అప్పటికే మరొక లిపి చదువుతున్నది. హోసూరు బిడ్డ ఎరిగిన తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. అక్కడి పాఠం చెవితో మొదలు కావాలి; 'కాలి–గాలి', 'పడి–బడి' వంటి జంటలను వినిపించాలి. కోలారు, బళ్లారి బిడ్డలకు కన్నడ అక్షరాలలో అనేకం మన అక్షరాలకు తోబుట్టువులు. వారితో ఓనమాల వద్ద నెలలు గడపనక్కరలేదు, తేడా ఉన్నవి చూపితే చాలు. దేవనాగరి చదివే షోలాపురం బిడ్డకు, ఒడియా చదివే బరంపురం బిడ్డకు హ్రస్వమైన ఎ, ఒలు కొత్తవి. వారికి 'మెడ–మేడ', 'కొన–కోన' అన్నవే తొలి పాఠాలు. యానాం బడులలో తెలుగు ఉన్నది కనుక అక్కడ లిపిని దాటి కథతోనే మొదలుపెట్టవచ్చు.

ఇక తెర సంగతి. కంప్యూటర్ తెర అడ్డంగా వెడల్పైనది. దాని పనిముట్లు మౌస్, కీబోర్డు. ట్యాబ్‌ను బిడ్డ ఒడిలో నిలువుగా పట్టుకొంటుంది; అక్కడ వేలే పనిముట్టు. పెద్ద తెరకు చేసిన పుటను కుదించి ట్యాబ్‌లో పెడితే పక్కపక్కనున్న బొమ్మ, మాట రెండూ చిక్కిపోతాయి. చిన్న తెరపై అవి ఒకదాని కింద ఒకటి రావాలి. మౌస్ బాణాన్ని మాటపై నిలిపితే అర్థం కనబడే ఏర్పాటు వేలికి ఉపయోగపడదు. తాకగానే అర్థం ఆ మాట కిందనే తెరుచుకోవాలి. తాకవలసిన గుర్తు సుమారు 9 మిల్లీమీటర్లైనా ఉండాలి; లేకుంటే వేలు పక్కదానిపై పడుతుంది.

అభ్యాసాలు కూడా వేరుగా ఉండాలి. పూర్వం ఇసుకలో దిద్దినట్లు ట్యాబ్‌పై వేలితో అక్షరం దిద్దవచ్చు. మౌస్‌తో దిద్దించడం బిడ్డకు శిక్షే. కంప్యూటర్ ముందు టైపు నేర్పాలి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు 'క' ఉన్న మీటపైనే కన్నడ 'క', తమిళ 'క' ఉంటాయి. తెలుగు టైపు నేర్చిన చేతికి రాష్ట్రభాష టైపు కూడా చాలావరకు వచ్చినట్లే. తెలుగు అదనపు బరువు అనే తల్లిదండ్రులకు దయచేసి ఈ మాట చెప్పండి.

మన అక్షరం పైకి గుడితో, కిందికి ఒత్తుతో పెరుగుతుంది. 'రాష్ట్రం'లో 'ష'కు రెండు ఒత్తులు. వరుసలను ఇంగ్లీషుకు సరిపోయే ఎడంతో పేరిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గరాదు. పాత డి.టి.పి. ఖతులలో కూర్చిన పాఠం ఆ ఖతి లేని యంత్రంలో పిచ్చిగీతలుగా మారుతుంది కనుక యూనికోడ్ తప్పనిసరి. అక్షరాలను బొమ్మలుగా అతికించడమూ తగదు. పెంచితే మసకబారుతాయి, వెతికితే దొరకవు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లా కనబడే ఒక కూర్పు సందేశంలో వస్తే ఐఫోన్‌లలో ఆ సందేశాల అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ కొద్ది రోజులకే సవరణ ఇచ్చింది. అంత పెద్ద సంస్థ పరీక్షలనే దాటిపోయిన దోషమది. అందుకే 'జ్ఞానం', 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలను మన బిడ్డల చేతులలోని చౌక పరికరాలపై మనమే పెట్టి చూడాలి.

పాఠం నిలవడమూ ముఖ్యమే. ఒకప్పుడు కంప్యూటర్ పాఠాలు విరివిగా ఫ్లాష్‌లో తయారయ్యేవి. 2010లో వచ్చిన ఐప్యాడ్ వాటిని తెరవలేదు. 2020 ముగిసేసరికి అడోబీ సంస్థ ఫ్లాష్‌నే నిలిపివేసింది. ఆ పాఠాల వెనుకనున్న ఉపాధ్యాయుల శ్రమ ఎంతో వృథా అయింది. మన పాఠాలను ఏ ఒక్క సంస్థ సాధనానికీ కట్టివేయరాదు. అన్ని బ్రౌజర్లూ చదివే హెచ్.టి.ఎం.ఎల్.లో కూర్చి, నెట్ అందని పల్లెలోనూ తెరుచుకొనేటట్లు దించుకొనే వీలు కల్పించాలి.

ఈ పని యంత్ర నిపుణులతోనే తీరదు. ఉపాధ్యాయులారా, మీ పిల్లలు తడబడే అక్షరాల జాబితా రాసి ఇవ్వండి. పెద్దలారా, మీ ఊరి తెలుగు మాటలను మీ గొంతుతోనే నమోదు చేయించండి. పాఠంలో తన అవ్వ పలుకు వినబడితే బిడ్డకు అది పరాయిది కాదు. తల్లులారా, తండ్రులారా, బిడ్డ పక్కన కూర్చొని, ఏ మాట వద్ద ఆగిందో, ఏ గుర్తు వద్ద వేలు తప్పిందో రాసి పంపండి. ఆ కాగితాన్ని చూచే తరువాతి పాఠం దిద్దుకొందాము.

సెలవు.