మేకల దొడ్డికి తగిన కంచె



ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి 1514వ సంవత్సరమున గైకొనెను. అది ఒక్కదినమున జరిగిన పని గాదు. మాసముల తరబడి ముట్టడి సాగెను. కోటగోడ ఎంత ఎత్తైనదైనను, ముట్టడించువాడు వెదకునది గోడను గాదు, గోడలోని సందును. మేక స్వభావమును అట్టిదే. కట్టడి చేసినచోట బలహీనమైన తావును అది పగలెల్ల వెదకుచునే యుండును. భేదమొక్కటియే: దుర్గమునకు శత్రువు వెలుపల నుండును, మేకల దొడ్డికి లోపల మేకయు, వెలుపల కుక్కయు, నక్కయు, కొండ దాపున చిరుతయు. కావున దొడ్డి కంచె రెండువైపుల కాపు కాయవలసి యున్నది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వానలు తక్కువైన మెట్టసీమ. ఇచ్చట పది మేకలున్న యింటికి ఆ పదియే నిలువ ధనము. పిల్లల చదువునకును, వైద్యమునకును, పెండ్లికిని సమయమునకు అక్కరకు వచ్చునవి అవియే. ఒక్కరాత్రి కంచె తెగినచో సంవత్సరపు కష్టము పోవును.

మొదట నిర్ణయింపవలసినది కంచె దేనికన్న విషయము. పగటివేళ కాపరి వెలిగొండల వాలులలోను, బీళ్ళలోను మందను మేపుకొని వచ్చును. కావున సామాన్య రైతునకు కావలసినది మేతభూమి నంతటిని చుట్టిన కంచె గాదు. రాత్రి మంద పండుకొను దొడ్డికిని, కాపరివెంట పోలేని పిల్లలుండు చోటికిని కంచె. లెక్క చూచిన నిది తేటపడును. ఎకరము చదరముగ నున్నచో చుట్టుకొలత సుమారు 835 అడుగులు. ఇరువది మేకలకు మేకకు ఇరువది చదరపు టడుగుల చొప్పున 400 చదరపు టడుగుల దొడ్డి చాలును. ఇరువదడుగుల చదరమునకు చుట్టుకొలత 80 అడుగులే. అంతే స్థలమును నలువదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున కట్టినచో కంచె 100 అడుగులగును. ఎకరమునకు పలుచని కంచె వేయుటకంటె చిన్నదొడ్డికి గట్టి కంచె వేయుట మేలు.

ఇక కంచెల రకములు. తుమ్మకంప, రేగుకంప డబ్బు లేకుండ దొరకును. కాని యేడాదిలోపల చెదపట్టి కూలును. సర్కారు తుమ్మకు మరియొక దోషము కలదు. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన ఈ చెట్టు నేడు సీమనంతటిని ఆక్రమించినది. మేక దాని ఆకు ముట్టదు గాని కాయలను ఇష్టముగ తినును. గింజలు పెంటలో పడి మొలచును. ఆ కంపతో కట్టడి చేసిన మేకయే ఆ కంపను పొలమున విత్తుచున్నదన్నమాట. ఎండిన కంపనే వాడవలెను. కాయలున్న కొమ్మలను దొడ్డికి తేరాదు.

పచ్చని చెట్ల కంచెకు అవిసె, మునగ వంటివి పనికిరావు. కంచె చేను మేయుటను గూర్చి సామెత కలదు. ఇచ్చట మేకయే కంచెను మేయును. కిత్తనార మేలైనదే గాని, సందు లేకుండ అల్లుకొనుటకు కొన్ని యేండ్లు పట్టును.

ముళ్ళతీగ చూచుటకు భయంకరమే గాని మేకకు పనికిరానిది. పిల్ల తీగల సందున దూరును. పాడిమేక పొదుగు చీరుకొనును. గాయమున పురుగులు పడును. ఇనుపవల దీనికంటె మేలు, కాని కన్నుల కొలతను చూచుకొనవలెను. ఆరంగుళముల కన్నులో కొమ్ములున్న మేక తల దూర్చును గాని వెనుకకు తీసికొనలేదు. రాత్రి కుక్కలకు ఆహారమగును. రెండంగుళముల కన్నులుగల వల యైనచో తల దూరదు. ఎత్తు నాలుగడుగులకు తగ్గరాదు; పోతులున్నచో అయిదడుగులు కావలెను.

రాతి కూసములను ఎనిమిదడుగుల కొకటి చొప్పున, రెండడుగుల లోతున పాతవలెను. మూలల కూసములకు ఏటవాలు ఊతలు పెట్టవలెను. అవి వెలుపలివైపుననే యుండవలెను. లోపల నున్నచో మేక వానినెక్కి గోడదాటును. కంచె దాపున బండలు, మొద్దులు ఉంచరాదు. వల అడుగున రాళ్ళు పేర్చినచో కుక్క త్రవ్వలేదు. తలుపు లోపలికి తెరచుకొనవలెను. అప్పుడు మంద త్రోసిన కొలది అది మూసికొనును. గడియ వెలుపలి వైపున, మేక మూతికి అందని చోట నుండవలెను. చిరుత సంచరించు కొండ దాపున ఏ కంచెయు చాలదు. రాత్రి పైకప్పుగల కొట్టమే శరణ్యము.

ఒక్క విషయము గట్టిగ చెప్పవలసి యున్నది. కరెంటు లైను నుండి తీగలాగి కంచెకు తగిలించుట ప్రాణాంతకము. అడవిపందులకని పెట్టిన అట్టి తీగలు తగిలి మనుష్యులే మరణించిన సంఘటనలు ఆంధ్రదేశమున పలుమారులు జరిగినవి. సౌరశక్తితో నడచు శాస్త్రీయమైన కంచె వేరు. అది సుమారు సెకనుకొకసారి క్షణకాలపు తాకిడిని మాత్రమే యిచ్చును. దానిని తెలిసినవారిచే అమర్పించుకొనవలెను.

పొరుగు చేనిలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలుటకు 1871 నాటి చట్టము వీలు కల్పించెను. ఆ చట్టమునందు మేకలును పశువులే. రుసుము చెల్లించి మేకను విడిపించుకొనవచ్చును. చెడిన పొత్తును విడిపించుకొనుట అంత సులభము గాదు. సాయంకాలము మందను తోలిన పిదప కంచెను ఒక్కమారు చుట్టివచ్చు అలవాటునకు కాసు ఖర్చు లేదు. వలయైనను, కంపయైనను, దానిని దినదినము చూచు కన్ను ఉన్నపుడే అది కంచె యగును.